పావలా పాటకు ముప్పావలా పీఠం

సంగీతం వినడానికి కావలసినవి మూడే: పాట, పరికరం, చెవి. ఈ మూడింటి నడుమకు ఇప్పుడు నాలుగవది ఒకటి వచ్చి తిష్ఠ వేసినది. దాని పేరు ఆడియో ర్యాకు. అంటే స్టీరియో పరికరాలను పెట్టుకొనే అరల బల్ల. బల్లమీద నాకు కోపమెందుకు? ఆ బల్లకు ఆంప్లిఫయరుతో సమానంగా, ఒక్కొక్కచోట అంతకు మించి వెల కట్టి, అది లేనిదే పాట పాటే కాదని అమాయకులను నమ్మించడం మీదనే నా కోపమంతా. చారాణా కోడికి బారాణా మసాలా అని తెలంగాణ సోదరులు చెప్పే సామెత ఊరికే పుట్టలేదు. ఇక్కడి విచిత్రమేమంటే కోడిని ఇంకా కోయనే లేదు, మసాలా మాత్రం వడ్డించేశారు.

మా వీధిలో ఒక యువకుడున్నాడు. తండ్రిగారు పోయిన తరువాత వారి రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, నూరుకు పైగా ఎల్పీ రికార్డులు అతనికి సంక్రమించినవి. వాటిని బాగుచేయించుకొందామని నగరంలో ఒక దుకాణానికి వెళితే, “ముందు సరైన స్టాండు కొనండి, అది లేకుండా ముల్లు పెడితే రికార్డులు పాడైపోతాయి” అని చెప్పి, అతని నెల జీతానికి మించిన ధర పలికారట. కొనలేక, కొనకుండా వాయించడానికి ధైర్యం చాలక, అతడు ఆ సామగ్రినంతా దుప్పట్లో చుట్టి అటక మీద పడవేశాడు. రెండేళ్ళు అది అక్కడే ఉన్నది. ధనవంతుడు లక్ష పోసి బల్ల కొనుక్కొంటే నాకు పోయేదేమీ లేదు. లేనివాని ఇంట తండ్రి విన్న పాట మూగపోవడమే నాకు దుస్సహమైన విషయం.

విమర్శించేవాడు ఎదుటివారి మాటలోని సత్యాన్ని ముందు అంగీకరించాలి. రికార్డు ప్లేయరుకు స్థిరమైన పీఠం కావాలన్నది సత్యమే. వెంట్రుకంత సన్నని గాడిలో ముల్లు నడుస్తూ, ఆ గాడి గోడలలోని అతిసూక్ష్మమైన వంపులను విద్యుత్తుగా మారుస్తుంది. బల్ల ఊగితే ముల్లు ఆ ఊపును కూడా పాటగానే భావించి ఆంప్లిఫయరుకు నివేదిస్తుంది. స్పీకరు మోత బల్లకు తగిలి, బల్ల నుండి ముల్లుకు, ముల్లు నుండి మళ్ళీ స్పీకరుకు చేరి చక్రంలా తిరిగితే, అది పెరిగి పెరిగి ఊళ అవుతుంది. వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్లలో కూడా కొన్ని వాల్వులు కదలికను ధ్వనిగా మారుస్తాయి. ఇంతవరకు శాస్త్రమే.

ఇక్కడి నుండి మొదలయ్యేది వ్యాపారం. ముల్లుకు చెప్పిన ధర్మాన్ని తెచ్చి సి.డి. ప్లేయరుకు, మామూలు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుకు, చివరకు తీగలకు కూడా అంటగడుతున్నారు. 1982లో బజారులోకి వచ్చిన సి.డి.లో ధ్వని అంకెల రూపంలో ఉంటుంది. గీతలు పడి కొన్ని అంకెలు చెడినా సరిదిద్దుకొనే గణితం దానిలోనే ఇమిడి ఉన్నది. అటువంటి యంత్రం పది వేల రూపాయల అర మీద కూర్చుంటే ‘గానం వికసిస్తుంది’ అనడం, ఖరీదైన పీట మీద పెట్టి చదివితే పంచాంగంలోని తిథి మారుతుందనడం వంటిదే.

మరొక వింత ఉన్నది. ఈ ర్యాకుల అడుగున ఇనుప సూదులు బిగిస్తారు. అవి ఎక్కడివి? తివాచీ పరచిన చెక్క నేలల దేశాలవి. సూది తివాచీని గుచ్చుకొని కింది చెక్కను గట్టిగా పట్టుకొంటుంది కనుక అక్కడ దానికి ఒక అర్థమున్నది. అడుగు వేస్తే ఊగే చెక్క నేలలు వారివి. సిమెంటు స్లాబు మీద తాండూరు బండలో, మార్బులో పరచిన ఇళ్ళు మనవి. మన నేల మీద ఆ సూది చేసేది ఒక్కటే పని: గీతలు పెట్టడం. ఆ గీతలు పడకుండా సూదుల కింద పెట్టుకొనేందుకు నాణేలవంటి లోహపు బిళ్ళలను మళ్ళీ వేరే ధరకు అమ్ముతారు! లేని రోగానికి మందు, ఆ మందు చేసే వికారానికి మరొక మందు.

“మీకు వయసు మీరినది మాస్టారూ, ఆ తేడా మీ చెవికి అందదు” అంటారు. కావచ్చు. వయసుతో తారస్థాయి శబ్దాలు వినబడడం తగ్గుతుందన్నది వైద్యులూ చెప్పే మాటే. మరి నా చెవిని పక్కన పెట్టి మీ చెవినే పరీక్షిద్దాం. పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దేటప్పుడు విద్యార్థి వివరాలున్న భాగాన్ని తొలగించి సంకేత సంఖ్య వేసి మా చేతికిచ్చేవారు. ఉపాధ్యాయులు దుర్మార్గులని కాదు. పేరు తెలిస్తే ఎంతటి నిజాయతీపరుని కలమైనా కొంచెం వంగుతుందని. ఆ నియమమే ఇక్కడా పాటించండి. తెర కట్టండి. తెర వెనుక ఒకసారి ఖరీదైన ర్యాకు మీద, ఒకసారి వడ్రంగి చేసిన బల్ల మీద అదే సి.డి. ప్లేయరును పెట్టి, అదే పాటను అంతే బిగ్గరగా ఇరవైసార్లు వినిపించనివ్వండి. ఏది ఏదో కాగితం మీద వ్రాయండి. ధర తెలిసి విన్న చెవి చెవి కాదు, పర్సు.

పరిహాసంతో పని జరగదు కనుక, ఆ యువకుని కోసం మేము చేసిన బల్ల తయారీ చెబుతాను.

ప్లైవుడ్డు పూర్తి పలక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. మాకు అందులో సగమే, అంటే 4×4 అడుగుల ముక్కే సరిపోయింది. మందం 18 మిల్లీమీటర్లు. దానిలో 55 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల నాలుగు అరలు వచ్చినవి. పరికరాలు సాధారణంగా 43 సెంటీమీటర్ల వెడల్పుంటాయి కనుక పక్కల చోటు మిగులుతుంది. నాలుగు అరలనూ ఒకదానిపై ఒకటి పేర్చి, బిగించి, మూలల్లో ఒకేసారి 13 మి.మీ. రంధ్రాలు వేయించాము, విడివిడిగా వేస్తే రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. పొడుగునా మర ఉన్న 12 మి.మీ. ఇనుప కడ్డీలు నాలుగు. హార్డ్‌వేర్ దుకాణంలో త్రెడ్ రాడ్ అంటే ఇస్తారు. ఒక్కొక్క అరకు ప్రతి మూలనా పైన ఒక నట్టు, కింద ఒక నట్టు, వాటికి వాషర్లు. నాలుగు అరలకు వెరసి 32 నట్లు, 32 వాషర్లు. కడ్డీల అడుగున రబ్బరు బిళ్ళలు.

ఈ నిర్మాణంలోని అందమంతా నట్టులో ఉన్నది. ఆ కడ్డీ మీద నట్టును ఒక చుట్టు తిప్పితే అర 1.75 మి.మీ. మాత్రమే కదులుతుంది. రసమట్టాన్ని అర మీద ఉంచి, బుడగ నడిమికి వచ్చేవరకు నట్టు తిప్పుకొంటే చాలు, రికార్డు ప్లేయరుకు కావలసిన సమతలం సిద్ధం. రేపు మరొక పరికరం వస్తే అరల మధ్య దూరం మార్చుకోవచ్చు.

పద్యంలో గణాలకు స్థానమున్నట్లే ఇక్కడ పరికరాలకు స్థానముంటుంది. బరువైన ఆంప్లిఫయరు కింద, రికార్డు ప్లేయరు అన్నిటికంటె పైన. ఆంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరు ముల్లుకు దగ్గరగా ఉంటే గుయ్యిమనే మోత వస్తుంది, కనుక నడుమ అర తప్పనిసరి. ఆంప్లిఫయరు మీద జానెడు ఖాళీ వదలండి. క్లాస్-బి పద్ధతిలో నడిచే ఆంప్లిఫయరు సిద్ధాంతరీత్యా కూడా తాను తీసుకొన్న విద్యుత్తులో 78.5 శాతానికి మించి స్పీకరుకు అందించలేదు, తక్కినదంతా వేడే. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకొంటారు. అద్దాల తలుపుల షోకేసులో పెట్టి తాళం వేసేవారు ఈ సంగతి ఆలోచించాలి. నలువైపులా గాలి ఆడే మన బల్ల ఆ విధంగా వేల రూపాయల ఆల్మరా కంటె మేలు.

ఖర్చు? ప్లైవుడ్డుకు 1,600 రూపాయలు, కడ్డీలకు 600, నట్లు, వాషర్లు, రబ్బరు బిళ్ళలకు 300, వార్నిషుకు, ఉప్పుకాగితానికి 250, వడ్రంగికి సగం రోజు కూలి 600. మొత్తం 3,350. ఊరిని బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. మరింత స్థిరత్వం కావాలనుకొంటే పై అర మీద 60×45 సెంటీమీటర్ల కడప బండ పరచండి. అంగుళం మందానికి అది సుమారు 18 కిలోలు తూగుతుంది. అడుగుల అదురు మరీ ఎక్కువైన మేడ గదిలో, గోడలోకి దిగగొట్టిన కడప బండ అర కంటె రికార్డు ప్లేయరుకు ఉత్తమమైన ఆసనం లేదు. మన అమ్మమ్మలు ఊరగాయ జాడీలు పెట్టిన అర అది.

ఇంత సులువైన పనికి మనవారు ఎందుకు జంకుతున్నారు? చేతిపని అంటే చదువురానివాని పని అని మనమే నేర్పాము కనుక. 1937లో వార్ధా సభలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా విద్య ఉండాలన్నారు. కొఠారీ కమిషను 1966 నివేదికలో పని అనుభవం అన్నది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ సంఘం సాంఘికోపయోగ ఉత్పాదక కృత్యమని దానికి పెద్ద పేరు పెట్టింది. పేరు పెరిగినది, పని తరిగినది. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఆ గంటను ఏటా లెక్కలకో ఇంగ్లీషుకో ధారపోసేవారు. ఆ పిల్లలే ఇప్పుడు పెద్ద చదువులు చదివి, మేకు కొట్టడానికి మనిషి కోసం ఫోను చేస్తున్నారు. బల్లలో ఏమున్నదో తెలియనివాడు దాని ధరను చూసే దాని విలువ నిర్ణయించుకొంటాడు. వర్తకునికి కావలసినదీ అటువంటివాడే.

అమరకోశంలో వడ్రంగికి ఉన్న పర్యాయపదాలలో వర్ధకి ఒకటి, రథకారుడు మరొకటి. రథం చేసినవానికి రికార్డు ప్లేయరు బల్ల ఒక లెక్కా? మీ వీధి చివర రంపం చప్పుడు ఇంకా వినబడుతూ ఉంటే మీరు అదృష్టవంతులు. ఆ చేతికి నాలుగు రాళ్ళు ఇవ్వండి, పక్కన నిలబడి కొలతలు మీరే చెప్పండి, నట్లు మీరే బిగించండి. “చూడడానికి బాగుండదు” అనేవారికి ఒకే సమాధానం: పాట వినేటప్పుడు కళ్ళు మూసుకోండి.

అటక మీద మూటగట్టి పెట్టినవి ఎవరింట ఏమున్నా ఈ ఆదివారమే దింపండి. ముల్లు అరిగితే మార్చండి, బెల్టు సాగితే కొత్తది వేయించండి. డబ్బు ఖర్చు పెట్టవలసిన చోట్లు అవి. పీఠం సంగతి మీకూ, వడ్రంగికీ, రసమట్టానికీ వదిలివేయండి. అలమతి విస్తరేణ.