పాత బీరువాకు క్రొత్త రంగు

ఈ మాసమున వచ్చిన జాబులలో నొకటి తక్షణమే ప్రత్యుత్తర మీయదగినదిగా నున్నది. ఒక సోదరి కుమార్తె తొలి కాన్పునకై రెండు మాసములలో పుట్టినింటికి రానున్నదట. ఆమెకై యేర్పఱచిన గదిలో మామగారి కాలపు కఱ్ఱబీరువా యొకటియు, వంటయింటిలో గోడ కమర్చిన అలమరలు రెండును గలవు. వానిపై ముప్పది యేండ్ల క్రిందట పూసిన చిలుకపచ్చ రంగు పెచ్చులుగా లేచుచున్నది. అమ్మాయి వచ్చులోపల దానిని గీకించి, గరుకు కాగితముతో రుద్దించి, చూడముచ్చటయైన రంగు వేయింపవలెనని సోదరి తలంపు. ఏ రంగు బాగుండునని యామె ప్రశ్న.

రంగు మాట తరువాత చెప్పెదను. గీకుట, రుద్దుట యను మాటలకడనే ముందు నిలువవలసియున్నది.

మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2016లో ప్రకటింపబడి, 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు నూనెరంగులు పెక్కింటిలో, ముఖ్యముగా పసుపు, ఎఱుపు, నారింజ, ఆకుపచ్చ మొదలగు నిగ్గుగల వన్నెలలో, సీసము మెండుగా నుండెడిది. నిగ్గునకై సీసము కలిసిన పసుపుపొడిని, త్వరగా ఆఱుటకై సీసపు మందును చేర్చుట వాడుక. అట్టి రంగు కఱ్ఱకు గట్టిగా పట్టియున్నంతకాలము భయము స్వల్పమే. పొడిగా గీకినప్పుడు లేచు దుమ్మే విషము. అది నేలపై బడును, పఱుపున జేరును, ప్రాకెడు బిడ్డ వ్రేళ్లకంటి నోటికి బోవును. తినిన సీసమును పసిబిడ్డల శరీరము పెద్దలకంటె నాలుగైదు రెట్లు హెచ్చుగా గ్రహించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంత మాత్రమైన హాని లేదనదగిన కొలత యేదియు లేదనియు ఆ సంస్థయే చెప్పినది. గర్భిణి యొడలిలో జేరిన సీసము మావిని దాటి కడుపులోని శిశువును గూడ చేరును. ఎదుగుచున్న మెదడునకు అది చేయు చెఱుపు మరల కుదురునది కాదు. ముందుగా జ్వరమో నొప్పియో వచ్చి మనలను హెచ్చరింపదు గనుక తల్లులు దీనిని కనిపెట్టుట కష్టము.

కావున ఆ సోదరికి నా సలహా యిది. పని యంతయు ముగిసి, ఇల్లు కడిగి, వాసన పోవుటకు అమ్మాయి రాకకు ముందు మూడు వారములైన మిగులునట్లయిన పూనుకొనుడు. లేకున్న బీరువాను ఆ గదినుండి తీయించి, పెట్టెలలో బట్టలు సర్దుడు. బీరువా లేకున్న పురుడాగదు గదా! అమ్మాయి యింట నుండగా మాత్రము, పై గదిలోనైనను సరే, ఆ పని పెట్టరాదు.

పూనుకొన్నచో పొడిగా రుద్దుట యను మాటయే వలదు. బీరువాను పిల్లలు తిరుగని వసారాలోనికి చేర్చి, క్రింద మందపు ప్లాస్టికు పఱచి, నీటికి నానని గరుకు కాగితమును తడుపుచు రుద్దింపవలెను. పెచ్చులు లేచినచోట నీరు చల్లి, మొండి కత్తితో మెల్లగా తీయవలెను. గట్టిగా నున్న రంగును కఱ్ఱ కనబడువఱకు ఒలిచివేయ నక్కఱలేదు. నిగ్గు విఱిగి గరుకుదేలిన చాలును. మంటతో కాల్చి తీయించుట మిక్కిలి ప్రమాదము. ముక్కునకు చీరచెంగు చాలదు, ఎన్-95 మాస్కు కావలెను. పనివాండ్రకును అది మనమే యీయవలెను. వారి యింటను పిల్లలుందురు. వచ్చిన మడ్డిని ప్లాస్టికుతోసహా చుట్టి పాఱవేయవలెనే గాని పెరటిలో పోయరాదు. పాత తలుపుచెక్కలు మిగిలినచో నీళ్లపొయ్యిలో పెట్టు అలవాటు మన యిండ్లలో నున్నది. రంగు పూసిన చెక్కను ఎన్నడును కాల్పరాదు.

ఇక పూత సంగతి. కొండపల్లి బొమ్మ చేయువారు తెల్లపొనికి కఱ్ఱను చెక్కి ఆఱబెట్టి, చింతగింజల పొడియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపు పూత వేసిన పిదపగాని రంగు ముట్టరు. పని కొలదిదైనను ఆ క్రమము తప్పరు. మనవారు ఆ నడిమి పనులన్నియు విడిచి కుంచె పట్టుదురు; ఏడాది తిరుగకముందే పెచ్చులు లేచిన, రంగును నిందింతురు.

వంటయింటి అలమరలకు జిడ్డు ప్రథమ శత్రువు. పోపుల పొగతో పేరుకొనిన జిడ్డుపై ఎంత ఖరీదైన రంగును నిలువదు. చిక్కని కుంకుడురసముతో గాని, నీట కరగించిన చాకలిసోడాతో గాని కడిగి, మంచినీటితో రెండుమార్లు తుడిచి, ఒక దినము ఆఱనీయవలెను. రుద్దుటకు ముందే ఇది జరుగవలెను. లేకున్న జిడ్డును కఱ్ఱలోనికి రుద్దినట్లగును. పిడులు, గొళ్లెములు, మడతబందులు విప్పి, వాని మరమేకులను ఏ తలుపువి ఆ తలుపునకు వేఱుగా మూటగట్టి ఉంచుడు. అడుగున సన్నని పొడి రాలుచున్నచో లోపల పురుగున్నదన్నమాట. దాని మందు ముందు, లప్పము తరువాత. లప్పము ఆఱిన పిదప ప్రైమరు ఒక పూత, ఆపైన రంగు రెండు పలుచని పూతలు. చిక్కగా ఒక్కమారే పూసిన రంగు కారును, ముడుతలు పడును. ఎండలో పూసిన బుడగలెత్తును. ముసురులో పూసిన ఆఱదు. నీడయు గాలియు గల చోటు మేలు. నేడు నీటితో కలుపు ఎనామిల్ రంగులు దొరకుచున్నవి. వానికి వాసన తక్కువ, త్వరగా ఆఱును. పురుటింటికి అవియే తగును. సీసపు పరిమితి డబ్బాపై వ్రాసియున్నదో లేదో చూచి కొనుడు.

ఆఱడుగుల యెత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల బీరువాకు ముందు, ప్రక్కలు, పైభాగము కలిపి నలుబది చదరపు టడుగుల చిల్లర. నునుపైన కఱ్ఱపై లీటరు రంగు నూఱు చదరపు టడుగులకు తక్కువ కాకుండ వచ్చును. రెండు పూతలకును ఒక లీటరు చాలును. దుకాణదారుడు నాలుగు లీటరుల డబ్బా చవుక యని చెప్పును, వినకుడు.

ఒక్క మాట. టేకు బీరువాపై మెఱుగు మాసినదని రంగు పూయుట నా కిష్టము కాదు. స్పిరిటులో తడిపిన దూదితో మూల నొకచోట అద్ది చూడుడు. పూత జిగటగా కరగినచో అది లక్కమెఱుగు కావచ్చును. మరల మెఱుగు పెట్టించిన క్రొత్తదివలె నగును. టేకులో సహజముగ నూనె యుండుటచే రంగు సరిగా పట్టదుకూడ. రంగు పూయదగినవి మామిడి, వేప మొదలగు సాధారణపు కఱ్ఱలును, ముందే రంగు పూసినవియును.

వన్నెల యెంపికకు వత్తము. చీరను చూచు కన్నుగల మనకు దీనిని మఱియొకరు నేర్పనక్కఱలేదు. చీరకు ఒడలొక రంగు, అంచొక రంగు, చెంగున కొంచెము మెఱుపు. బీరువాకు తలుపులు ఒడలు, చట్రము అంచు, పిడులు, గొళ్లెములు చెంగు. నాల్గవ రంగు తెచ్చిన గది తిరునాళ్లవలె నుండును. ఒడలి రంగు నెమ్మదిగా నుండవలెను. ఏలనన దినమంతయు కన్నులెదుట నుండునది అదియే.

అయితే చీరను మార్చుకొనవచ్చును, గచ్చును మార్చలేము. కావున మార్చలేనిదానితో మొదలుపెట్టుడు. సోదరి గదిలో ఎఱ్ఱ సిమెంటు గచ్చు, పడమటి కిటికీ యున్నవట. ఎఱ్ఱ నేలపై నిలువెత్తు చిలుకపచ్చ ఇన్నియేండ్లు పోరాడుచునే యుండును. తలుపులకు మీగడ వన్నె, చట్రమునకు ముదురాకుపచ్చ, పిడులకు ఇత్తడి పెట్టుడు. మామగారి పచ్చ అంచుగా మిగులును. సాయంకాలపు టెండలో మీగడ బంగారు ఛాయ తిరుగును. నీలపు ఛాయగల తాండూరు బండలు పఱచిన యింటివారికి గంధపు వన్నె మేలు. ఉత్తరపు వెలుతురు మాత్రమే వచ్చు గదిలో బూడిదవన్నెలు మఱింత చల్లగా, దిగులుగా తోచును.

వంటయింటిలో క్రింది తలుపులకు ఇటుకవన్నెయో ముదురు బూడిదయో, పైవానికి లేత రంగును వేసిన మాపు కనబడదు, గది ఇఱుకుగా తోపదు. తెలుపు పసుపుచేతికి వెఱచుచు బ్రదుకవలసిన రంగు, నేను వలదందును.

దుకాణపు కాగితముపై అంగుళపు ముక్కను చూచి నిశ్చయింపకుడు. చిన్న డబ్బా తెచ్చి, జానెడు అట్టముక్కపై రెండు పూతలు వేసి, బీరువాకు ఆనించి నిలబెట్టి ఉదయము, మధ్యాహ్నము, దీపము పెట్టిన పిదప చూడుడు. దీపము పసుపుకాంతిదైన నొకవిధముగను, తెల్లకాంతిదైన వేఱొకవిధముగను కనబడును.

రంగు ఒక దినములో ఆఱినట్లు తోచును గాని గట్టిపడుటకు వారములు పట్టును. అంతవఱకు తలుపులు ఓరగా తెఱచియుంచుడు. మూసిన అంటుకొని, తీయునప్పుడు పెచ్చులూడును. అఱలలో కాగితము పఱచి బట్టలు సర్దుడు. పసిబిడ్డకై దాచిన పాత చీరల పొత్తిళ్లలో మాత్రము కలరా ఉండలు వేయకుడు. ఆ వాసన పట్టిన బట్టలవలన కొందఱు శిశువులకు రక్తము విఱిగి కామెర్లు వచ్చును. ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి మూల నుంచిన చాలును.