మన గ్రాంథిక ఇంగ్లీషు

ఉగాది సంచికకి ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంపాదకవర్గం వారు ప్రతి ఏడూ అడగడం, నేను ఏ పచ్చడి గురించో, పేరంటం గురించో రెండు పేజీలు వ్రాసి ఇచ్చి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. ఈసారి ఇంగ్లీషు గురించి వ్రాస్తానన్నాను. ఫోనులో అవతలివైపు కాసేపు నిశ్శబ్దం. "తెలుగు సంఘం సావనీరులో ఇంగ్లీషు గురించా అండీ?" అన్నారు. అవునండీ, తెలుగులోనే వ్రాస్తాను, భయపడకండి అన్నాను.

నేనీ దేశానికి వచ్చింది 1996 డిసెంబరులో, హెచ్-4 వీసా మీద. అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టా సూట్‌కేసు అడుగున చీరల మధ్య పెట్టుకుని వచ్చాను. ఇంగ్లీషు రాదా అంటే, ఇంగ్లీషులోనే పరీక్షలు వ్రాసినదాన్ని. అయినా ఇంట్లో టెలిఫోను మోగితే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదాన్ని. ఒకరోజు ఎదురింటావిడ పలకరించి ఏం చదువుకున్నావని అడిగితే, ధైర్యం చేసి "ఇన్ 1992 ఐ పాస్డ్ అవుట్ ఫ్రమ్ ఆంధ్రా యూనివర్సిటీ" అన్నాను. ఆవిడ కంగారుపడి, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది, డాక్టర్లు ఏమన్నారు అని అడిగింది. ఇక్కడివాళ్ళకి ఆ మాట వినగానే స్పృహ తప్పి పడిపోవడం తోస్తుందని నాకు తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ ఆవిడ నన్ను చూసినప్పుడల్లా జాలిగా చెయ్యి పట్టుకునేది!

మనకు ఇంగ్లీషు రాదనడం తప్పు. మనకొచ్చింది గ్రాంథిక ఇంగ్లీషు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం బట్టీపట్టిన తరం మనది. సెలవు చీటీలో "ఐ బెగ్ టు స్టేట్" అని మొదలుపెట్టి, లేని జ్వరానికి ఉన్న వినయమంతా జోడించాం. రైలు ఎక్కని పిల్లలు రైలు ప్రయాణం మీద వ్యాసం వ్రాశారు. ఆవుకి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు ఉంటాయని వ్రాశాం గానీ, మా ఇంటి ఆవు ఫలానా సంక్రాంతి నాడు తాడు తెంపుకుని చెరువు గట్టు మీదికి పారిపోయిందని వ్రాయమని ఏ మాస్టారూ చెప్పలేదు. మన జీవితంలో జరిగిన దాన్ని మన నోటితో ఇంగ్లీషులో చెప్పే అవసరం బడిలో గానీ కాలేజీలో గానీ మనకు ఒక్కసారీ రాలేదు. ఇక్కడికి వచ్చాక రోజూ కావలసింది అదొక్కటే.

ఈ జబ్బుకి మందు మన ఇంట్లోనే ఉంది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు రామమూర్తి పంతులుగారి ఫోటోకి దండ వేస్తాం కదా! ఆయన పోరాడింది దేనికి? నోట్లో ఒక భాష, పుస్తకంలో మరొక భాష ఉంటే పిల్లవాడికి రెండూ చేతకావని. ఆ పోరులో ఆయనకు తోడు నిలిచినవారిలో గురజాడ అప్పారావుగారితో పాటు జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడైన బడుల తనిఖీ అధికారి కూడా ఉన్నాడు. అంతేకాదు, గిడుగువారు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకోవాలని, పుస్తకాలు లేని ఆ భాషని, సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ళ నోట విని, తాను పలికి, వ్రాసుకుని నేర్చుకున్నారు. తరువాత ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. వ్యాకరణం నేర్చి మాట నేర్వలేదు, మాట నేర్చి వ్యాకరణం వ్రాశారు. మనం ఇంగ్లీషు విషయంలో దీన్ని సరిగ్గా తలకిందులు చేశాం.

ఇక అసలు సంగతి. మూడేళ్ళుగా మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో శనివారం పదిన్నరకి కొంతమందిమి కూర్చుంటున్నాం. ఆరుగురితో మొదలైంది, ఇప్పుడు పదకొండుమంది. పిల్లల దగ్గరికి వచ్చి ఉండిపోయిన అత్తయ్యగార్లు, బాబాయిగార్లు, కొత్తగా కాపురానికొచ్చిన ఇద్దరమ్మాయిలు. ప్రతివారం ఒక పేజీ ఎవరిది వారు వ్రాసుకు రావాలి. విషయం సొంతదై ఉండాలి: ఈ వారం ఏం జరిగింది, లేదా ఎప్పుడో ఏం జరిగింది. ముందు తెలుగులో వ్రాసి తర్జుమా చెయ్యకూడదు. మనవడిచేత దిద్దించుకు రాకూడదు. అక్కడ ఒకసారి చదవాలి. చదివాక కాగితం బోర్లించి, అదే సంగతి చూడకుండా చెప్పాలి. ఈ రెండోదే ప్రాణం. చదివేటప్పుడు వాక్యాలు నిటారుగా ఉంటాయి, చెప్పేటప్పుడు తడబడతాయి, ఆ తడబాటులోనే మనిషికి భాష పట్టుబడుతుంది. తరువాత తలా ఒక ప్రశ్న అడుగుతాం. మధ్యలో ఎవరూ తప్పులు పట్టకూడదు. చివర ఒకటో రెండో తప్పులు చెబుతాం, అంతే. పది చెబితే మర్నాటి శనివారం ఆ మనిషి రారు. మొదట్లో నాకా జ్ఞానం లేక ఒక పెద్దాయన కాగితం నిండా ఎర్రసిరా పులిమాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆ పాపం నాదే.

తెనాలి నుంచి వచ్చిన ఒక పిన్నిగారు ఆవకాయ గురించి వ్రాసుకొచ్చారు. ఆవిడకి "ఊట" దగ్గర బండి ఆగింది. జ్యూస్ అంటే కాదు, సూప్ అంటే అసలే కాదు. పావుగంట కొట్టుకుని, చివరికి "మూడోరోజు ముక్కలు నూనెలోకి తమ నీళ్ళు తాము వదులుతాయి" అని ఇంగ్లీషులో చెప్పారు. ఒక్క మాట దొరక్క నాలుగు మాటలతో చుట్టి చెప్పడం అంటే ఏమిటో ఆ రోజు మా అందరికీ తెలిసింది. రానివాడు మాట దొరకలేదని నోరు మూసుకుంటాడు, వచ్చినవాడు చుట్టుతిరిగి వెళ్ళి చెబుతాడు. తేడా అంతే!

ఇదంతా కాలక్షేపం కాదు. మా గుంపులో ఒక అత్తయ్యగారు ఉన్నారు, డెబ్భై దాటాయి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే, ఒకసారి పక్కింటివారు కారులో దింపగా పదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని ఒక క్లినిక్కుకి వెళ్ళారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆవిడ చెప్పారు. పిల్లవాడికి ఆయాసం అన్న మాటకి అర్థం సరిగా తెలియదు. "షి గెట్స్ టయర్డ్" అన్నాడు. అలసట అనుకుని విశ్రాంతి తీసుకోమని పంపేశారు. వాడి తప్పేముంది? చదివేది నాలుగో క్లాసు. అదీగాక అమ్మమ్మో నానమ్మో ఒంటి సంగతులన్నీ ఆ పసివాడి ముందు చెప్పుకోలేదు కదా. ఆరోగ్య సంరక్షణ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, అత్యవసరమైతే తప్ప మైనరు పిల్లలచేత దుబాసీపని చేయించకూడదు. ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు అడిగితే ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. చాలాచోట్ల ఫోనులోనే తెలుగు దుబాసీ దొరుకుతాడు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? తెలిసినా "ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్" అనే ఐదు మాటలు అనడానికి నోరు పెగలాలి.

ఆ వారం అత్తయ్యగారు వ్రాసుకొచ్చిన పేజీకి "నా ఊపిరి" అని పేరు. అందులో కాలాలు తప్పు, ఆర్టికల్స్ అసలు లేవు. కానీ తమ ఇంట్లో పదకొండు మెట్లున్నాయని, ఏడో మెట్టు దగ్గర ఆగాల్సివస్తోందని, రాత్రి రెండు దిళ్ళు వేసుకోకపోతే ఊపిరి ఆడదని ఉంది. చదివారు, బోర్లించారు, చెప్పారు. మేం ప్రశ్నలు అడిగాం, ఎప్పటినుంచని, కాళ్ళు వాస్తున్నాయా అని. మరుసటిసారి క్లినిక్కులో ఆ పదకొండు మెట్లూ ఆ రెండు దిళ్ళూ ఆవిడే చెప్పారు. గుండె పరీక్షలకి పంపారు, మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు మెట్లెక్కుతున్నారు, నెమ్మదిగా. ఆ కాగితం నేను ఫైల్లో దాచుకున్నాను.

ఇదేదో నేను కనిపెట్టిన విద్య కాదు. ఫిలడెల్ఫియాలో 1727లో, ఇరవైయొక్కేళ్ళ అచ్చు పనివాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ శుక్రవారం సాయంకాలాలు కూడే ఒక చిన్న గోష్ఠి పెట్టాడు. దాని పేరు జుంటో. అద్దాల పనివాడు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి అందులో సభ్యులు. మూడు నెలలకొకసారి ప్రతివాడూ తాను వ్రాసిన వ్యాసం చదవాలి. ఎదుటివాణ్ణి మొహానే ఖండిస్తే చిల్లర జరిమానా. (మన కార్యవర్గ సమావేశాల్లో ఈ జరిమానా పెడితే సంఘానికి భవనం వచ్చేస్తుంది.) మనవాళ్ళలో చూస్తే ఒంగోలువాడు వెన్నెలకంటి సుబ్బారావు, 1784లో పుట్టినవాడు, మద్రాసు సదరు అదాలతులో అనువాదకుడు, తన జీవితకథని ఇంగ్లీషులోనే వ్రాసుకున్నాడు. అది అచ్చయింది 1873లో, ఆయన పోయిన ముప్ఫై నాలుగేళ్ళకి. అంటే ఒక తెలుగువాడు పరాయిభాషలో తన సొంత సంగతి చెప్పుకోవడం రెండు వందల ఏళ్ళనాటి మాట.

టోస్ట్‌మాస్టర్స్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. 1924లో కాలిఫోర్నియాలో శాంటా ఆనా వై.ఎం.సి.ఏ.లో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టినది. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామంది అక్కడే గొంతు విప్పారు. అక్కడా తొలి ప్రసంగం తన గురించే చెప్పుకోవాలి, గమనించండి. కానీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు, "ఆ", "ఊ" అన్నప్పుడల్లా లెక్కపెట్టే మనిషి, ఇవి చూస్తే మా అత్తయ్యగార్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. మా గదిలో ఏడాది కూర్చున్నాక వెళ్ళమంటాను. ఒకమ్మాయి వెళ్ళింది కూడా.

యాస గురించి బెంగపడేవాళ్ళున్నారు. యాస పోనక్కరలేదు. మార్చుకోవలసినది ఒత్తు పడే చోటు. మనం హోటల్ అని మొదటి అక్షరం నొక్కుతాం, ఇక్కడివాళ్ళు రెండోది నొక్కుతారు. డెవలప్‌మెంటూ అంతే. ఇంకొకటి, మన లిపిలో వెస్ట్ అని వ్రాస్తే పడమర దిక్కు, చేతుల్లేని కోటు రెండూ ఒకటే. పెదవులు గుండ్రంగా చుడితే దిక్కు, కింది పెదవి పంటికి తగిలితే కోటు. ఇలాంటివి ఏ పది పన్నెండో ఉన్నాయి. టీవీ చూస్తుంటే అవే వచ్చేస్తాయన్న మాట నేను నమ్మను. ఇరవై ఏళ్ళుగా టీవీ చూస్తున్నవారు మన సంఘంలో ఉన్నారు, వారికి సీరియల్ కథలు వచ్చాయి.

పౌరసత్వ పరీక్షకోసమా అని కొందరు అడిగారు. కాదు. యాభై ఐదు దాటి గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్ళు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది, తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు. పౌరసత్వం తెలుగులో వస్తుంది. పక్కింటావిడతో స్నేహం తెలుగులో రాదు.

తెలుగు సంఘం పని తెలుగు నిలబెట్టడం కదా, ఇదెందుకు అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఇంగ్లీషు మాట్లాడ్డం వచ్చిన బామ్మగారు ఇంట్లో తెలుగు మానేస్తారని నాకు భయం లేదు. బయట నోరు లేని మనిషికి క్రమంగా ఇంట్లోనూ నోరు పోవడం చూశాను. మనవలు ఆవిణ్ణి ఏమీ తెలియని మనిషిగా లెక్కగట్టి, ఆవిడ తెలుగుని కూడా అదే లెక్కలో వేస్తారు. ఆ తెనాలి పిన్నిగారి మనవరాలు, నాయనమ్మ వ్రాసిన పేజీ చదివి, ఊట అంటే ఏమిటో చూపించమని వంటింట్లోకి వచ్చిందట.

అందుకని కార్యవర్గం వారికి నా మనవి ఒకటుంది. 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలైన దగ్గరనుంచి ఎన్నో ఊళ్ళలో వారాంతాల్లో పిల్లలకి తెలుగు తరగతులు జరుగుతున్నాయి, మన ఊళ్ళోనూ ఉన్నాయి. పిల్లలు లోపల ఒత్తులూ గుణింతాలూ దిద్దుతుంటే పెద్దలు నడవలో, కార్లలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఆ పక్కనే ఒక గది ఇప్పించండి. డబ్బు అక్కరలేదు, స్టేజి అక్కరలేదు, మైకు అసలే వద్దు. పన్నెండు కుర్చీలు, ఒక గోడగడియారం చాలు. ఒక గదిలో మనవడు "అమ్మ, ఆవు" వ్రాస్తుంటే పక్క గదిలో తాతగారు తమ ఊరి ఆవు పారిపోయిన కథ ఇంగ్లీషులో చెబుతారు.

ఉత్తరం జనవరిలో ఇచ్చాను. పరిశీలిస్తామన్నారు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి గది సంగతి తేలుతుందో లేదో గానీ, అంతవరకు లైబ్రరీలో శనివారం పదిన్నరకి కలుస్తున్నాం. ఒక నోటుబుక్కు, మీకు పట్టే కళ్ళజోడు తెచ్చుకోండి. వచ్చేవారం విషయం "మా వీధి అరుగు". అరుగుని ఇంగ్లీషులో ఏమంటారని ముందే ఫోను చేసి అడగకండి, నాకూ తెలియదు.