రాతి నర్తకికేనా గౌరవం?

పాలంపేట రామప్ప గుడి గురించి రాసినవాళ్లు చాలామంది మదనికల నడుము వంపుల దగ్గరే ఆగిపోతారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో గోపికా వస్త్రాపహరణమూ ఉంది. ఆడవాళ్ల బట్టలెత్తుకుపోవడాన్ని 'లీల' అనీ, దాన్ని చెక్కిన రాతిని 'రసరమ్యం' అనీ మనకు నేర్పారు. నీళ్లలో నిలబడ్డ గోపికల వైపు నుంచి ఆ శిల్పాన్ని చదివిందెవరు?

మదనికల భంగిమలు శిల్పి ఊహలోంచి ఊడిపడ్డాయంటే నేను నమ్మను. గుడుల్లో ఆడిన స్త్రీల ఒంటి విద్య అది. 'నృత్తరత్నావళి' రాసిన జాయప సేనాని పేరు నిలిచింది. గుడికి శిల్పి పేరే వచ్చిందంటారు. మరి ఆడినవాళ్ల పేర్లేవి?

కాచిగూడలో మా వీధి ఫంక్షన్ హాలు గుమ్మానికి అటూ ఇటూ మదనికల నకళ్లు నిలబెట్టారు. పెళ్లికి శోభట! ఒకప్పుడు పెళ్లిళ్లకు మేళాలు పిలిపించుకున్న ఇళ్లే తర్వాత 'సాని' అన్న మాటను తిట్టుగా మార్చాయి. దేవదాసీగా అంకితం చెయ్యడాన్ని 1988 చట్టం నిషేధించింది. మంచిదే. ఆ స్త్రీల విద్యను తీసుకుని వాళ్లని గడప బయట నిలబెట్టినవాళ్లని మాత్రం ఏ చట్టమూ నిలదీయలేదు.

2021లో యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వమంది. వారసత్వమన్నాక వారసులుంటారు. వాళ్లెవరో ముందు తేల్చండి, రాతి అందాన్ని తర్వాత పొగుడుదురుగాని.