ఇంటికి వచ్చాక ఎవరు చూస్తున్నారు?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత సంఘాలలో భర్త తాగుడు, కొడుకు మత్తు గురించి కన్నీటితో ప్రార్థన కోరేవారు ఎందరో. 2025 జూలైలో మన జిల్లాలోని కూకట్‌పల్లిలోనే కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది.

చికిత్స అందేది కొద్దిమందికే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందింది. మరి ఆ ఒక్కరు తర్వాత ఏమయ్యారు?

చేరినవారు ఎందరు, కోర్సు పూర్తి చేసినవారు ఎందరు అన్న లెక్కతో ఫలితం తెలియదు. చాలామంది మళ్లీ జారిపోయేది ఇంటికి వచ్చిన తొలి నెలల్లోనే. కాబట్టి మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి వాకబు చేయాలి. తాగుతున్నాడా అని మాత్రమే కాదు. పనికి వెళ్తున్నాడా, కూలి డబ్బు ఇల్లు చేరుతోందా, ఇంట్లో కొట్లాటలు తగ్గాయా, మందులు వాడుతున్నాడా అని అడగాలి. లెక్క కూడా నిజాయితీగా ఉండాలి. పదిమందిలో నలుగురే ఫోనుకు దొరికి, వారిలో ముగ్గురు మానేశారనుకుందాం. అది నలుగురిలో ముగ్గురి విజయం కాదు. మిగతా ఆరుగురి సంగతి మనకు తెలియదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలనూ తన పరిధిలోకి తెచ్చింది. చేర్పించే ముందు కుటుంబాలు రెండు మాటలు అడగాలి: రిజిస్ట్రేషన్ ఉందా? ఇంటికి పంపాక ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటారు?

సంఘానికీ బాధ్యత ఉంది. మానిన నలభై రోజులకే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పిస్తే, మళ్లీ జారినప్పుడు ఆ సోదరుడు సిగ్గుతో మందిరం గడప తొక్కడు. సహాయం అత్యవసరమైన వేళ మనకు దూరమవుతాడు. సాక్ష్యానికి తొందరవద్దు. అతని అనుమతితో ఒక నమ్మకమైన పెద్ద వారం వారం ఇంటికి వెళ్లి పలకరించాలి. విన్నది బయటికి పొక్కనివ్వకూడదు. జారితే గద్దించక, మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంట చేర్చి, డబ్బు చెల్లించి, అంతటితో చేతులు దులుపుకోలేదు. మళ్లీ వస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. మనం కట్టుకట్టడం నేర్చుకున్నాం. మళ్లీ వెళ్లి చూడడం కూడా నేర్చుకుందాం.