వయసును సాకు చేయకండి
మీ ఇంట్లోని పెద్దవారికి పేస్‌మేకర్ అమర్చిన చోట చర్మం ఎర్రబడి చీము కారుతుంటే, కోర్సు మీద కోర్సుగా యాంటీబయాటిక్స్ రాసి పంపడాన్ని నేను వైద్యమనను. పరికరాన్నీ తీగలనూ అంటుకున్న సూక్ష్మజీవులు జిగురుపొరలో దాగుతాయి. మందులు వాటిని పూర్తిగా చంపలేవు. తీగలతో సహా మొత్తం తీసివేయాలనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

"ఈ వయసులో తట్టుకోలేరు" అంటారు. ఏళ్లనాటి తీగలు గుండెకు అతుక్కుపోతాయి, తీసేటప్పుడు గుండెగోడ చిరిగే ప్రమాదమూ ఉంది, కాదనను. మరి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే తట్టుకుంటారా? ఆధార్ కార్డులోని పుట్టినతేదీ చూసి తేల్చే విషయమా ఇది! మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు పంపమనండి. తీగలు తీసే అనుభవమూ, అత్యవసర గుండె శస్త్రచికిత్సా ఉన్న ఆసుపత్రి అభిప్రాయం అడగండి.

మరో వ్యాధితో చివరి దశలో ఉన్నవారికి, తీయించుకోవడం ఇష్టంలేనివారికి మందులతో అణచిపెట్టడం న్యాయమే. అయితే అది నయం చేయడం కాదని రోగికే సూటిగా చెప్పాలి.