కొవ్వొత్తులు ఆరిపోయాక ఏం జరుగుతుంది? విషాద స్థలాల్లో జనం వదిలిన ఉత్తరాలు, బొమ్మలు మ్యూజియంకు ఎలా చేరతాయంటే..

పెద్ద విషాదం ఏదైనా జరిగితే జనం ముందుగా చేసే పని ఒకటే. ఆ చోటికి వెళ్లి ఒక పువ్వు పెడతారు, ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ దృశ్యాలు టీవీల్లో, ఫోన్లలో అందరూ చూస్తారు. నాలుగు రోజులకు కెమెరాలు వెళ్లిపోతాయి. ఎండకు పువ్వులు కుళ్లిపోతాయి, వానకు ఉత్తరాల్లోని సిరా కారిపోతుంది. మరి ఆ తర్వాత వాటి సంగతేంటి? ఊడ్చి పారేయాలా, దాచాలా? దాస్తే ఎవరు దాచాలి?

ఈ ప్రశ్నకు కొన్ని నగరాలు తమదైన జవాబు వెతుక్కున్నాయి.

వానతో పోటీ పడ్డ ఓర్లాండో

2016 జూన్ 12 తెల్లవారుజామున అమెరికాలోని ఓర్లాండోలో పల్స్ నైట్‌క్లబ్‌పై కాల్పులు జరిగాయి. 49 మంది ప్రాణాలు కోల్పోయారు. క్లబ్ దగ్గర, ఆస్పత్రి ఆవరణలో, నగరంలోని లాన్లలో పూలు, జెండాలు, ఫొటోలు గుట్టలుగా చేరాయి. ఇల్లినాయిస్ నుంచి ఒక వడ్రంగి 49 తెల్లటి చెక్క శిలువలు చేసి తెచ్చి నిలబెట్టాడు.

ఫ్లోరిడాలో జూన్ అంటే వానల కాలం. అందుకే స్థానిక చరిత్ర మ్యూజియం 'ఆరెంజ్ కౌంటీ రీజినల్ హిస్టరీ సెంటర్' సిబ్బంది ఆలస్యం చేయకుండా రంగంలోకి దిగారు. 5 వేలకు పైగా వస్తువులు సేకరించారు. ఆ 49 శిలువలు కూడా ఇప్పుడు మ్యూజియం సంరక్షణలోనే ఉన్నాయి.

దాచడం అంటే బీరువాలో పెట్టడం కాదు

రోడ్డు మీద నుంచి తెచ్చిన వస్తువును నేరుగా స్టోర్‌లో పెట్టడానికి వీల్లేదు. తడిసిన కాగితానికి బూజు పడుతుంది. దాంతోపాటు లోపలికి వచ్చిన పురుగులు మిగతా సేకరణను కూడా తినేస్తాయి. అందుకే ముందు కాగితాలను విడదీసి ఆరబెడతారు. తుప్పు పట్టిన పిన్నులు తీసేస్తారు. పురుగుల అనుమానం ఉన్న బట్టను, బొమ్మను కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతారు. ఆ తర్వాత ఫొటో తీసి, నంబర్ వేసి, ఎక్కడ ఏ రోజు దొరికిందో రాస్తారు. ఆ వివరం లేకపోతే అది మామూలు బొమ్మే.

ఇంకో కష్టం కూడా ఉంది. ఈ పని చేసేవాళ్లు రోజంతా చనిపోయిన వాళ్లకు రాసిన ఉత్తరాలే చదవాలి. చాలాసార్లు వాళ్లదీ అదే ఊరు, అదే దుఃఖం.

అన్నీ దాచలేరు.. మాంచెస్టర్ ఏం చేసింది?

2017 మే 22న బ్రిటన్‌లోని మాంచెస్టర్ అరీనాలో సంగీత కచేరీ ముగిసే వేళ బాంబు పేలింది. 22 మంది చనిపోయారు. సెయింట్ ఆన్స్ స్క్వేర్ మొత్తం పూలతో నిండిపోయింది. అక్కడ చేరిన వాటిని తొలగించేటప్పుడు నగరం వాటిని వేరు చేసింది. పువ్వులు కంపోస్టుకు వెళ్లాయి. చాలా టెడ్డీ బేర్లను శుభ్రం చేసి సేవా సంస్థలకు ఇచ్చారు. ఉత్తరాలు, బొమ్మలు, చేతితో చేసిన గుర్తులు మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీకి చేరాయి. 10 వేలకు పైగా ఉన్న ఆ సేకరణే 'మాంచెస్టర్ టుగెదర్ ఆర్కైవ్'.

అసలు చిక్కు ఇక్కడే. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? బాగా కనిపించే వాటినే ఏరితే, చిన్న పిల్లాడు పెన్సిల్‌తో గీసిన బొమ్మ చెత్తలోకి పోతుంది. రేపటి చరిత్రకారుడికి ఆ గీతే ఎక్కువ చెప్పొచ్చు. ఎప్పుడు తీయాలన్నదీ సున్నితమైన విషయమే. తొందరగా తీస్తే 'మా వాళ్లను అప్పుడే మరిచిపోయారా?' అని కుటుంబాలు బాధపడతాయి. ఆలస్యమైతే దాచడానికి ఏమీ మిగలదు. అందుకే తీసే ముందే కుటుంబాలతో మాట్లాడటం, తీసినవి ఎక్కడికి వెళ్తాయో జనానికి చెప్పడం ముఖ్యం.

భోపాల్‌లో బాధితులే ముందుకొచ్చారు

మన దేశంలో చూస్తే, 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లో గ్యాస్ లీకైంది. ఆ జ్ఞాపకాల కోసం 'రిమెంబర్ భోపాల్ మ్యూజియం' తెరుచుకుంది 2014లో. అంటే 30 ఏళ్ల తర్వాత! అదీ బాధితుల చొరవతోనే. ప్రభుత్వం నుంచి గానీ, కంపెనీల నుంచి గానీ డబ్బు తీసుకోకూడదని నిర్ణయించుకున్నారు. చనిపోయిన వాళ్ల బట్టలు, ఫొటోలు ఇళ్లలోంచి వచ్చాయి. టెలిఫోన్ రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంటే బాధితుల గొంతు వినిపిస్తుంది.

తేడా గమనించారా? ఓర్లాండో, మాంచెస్టర్‌లలో మ్యూజియం రోడ్డు మీదకు వచ్చింది. భోపాల్‌లో బాధితులే మ్యూజియం కట్టుకోవాల్సి వచ్చింది. 30 ఏళ్లపాటు ఆ వస్తువులు భద్రంగా ఉన్నాయంటే, ఇంట్లో ఒక అమ్మో అక్కో ట్రంకు పెట్టెలో దాచబట్టే.

మన సంగతేంటి?

కొవ్వొత్తుల ర్యాలీలు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త కాదు. ప్లకార్డులు, పిల్లల చేతిరాతలు, ఫొటోల ముందు పెట్టిన చీటీలు మనమూ చూస్తూనే ఉంటాం. అవి చీపురు పాలు కాకుండా ఉండాలంటే ఖరీదైన భవనం అక్కర్లేదు. దగ్గర్లోని మ్యూజియమో, యూనివర్సిటీ చరిత్ర విభాగమో ముందుగానే ఒక బాధ్యుడిని పెట్టుకుంటే చాలు. మున్సిపల్ సిబ్బంది ఊడ్చే ముందు ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండాలి. ఆ నంబర్ విషాదం జరిగాక వెతికేది కాదు, ముందే రాసిపెట్టుకోవాల్సింది.