బొట్టు చెరగనివ్వం: నలుపు తెలుపు ముఖచిత్రాలు తీసే మా ప్రణాళిక

మేం మనుషుల ముఖాలను నలుపు తెలుపుల్లో తీసేవాళ్లం. మాలో కొందరు ఇప్పటికీ ఫిల్ము కడుగుతారు. చాలామంది డిజిటల్ కెమెరాతో తీసి కంప్యూటర్ మీద దిద్దుతారు. పెళ్లిళ్లు, పేరంటాల ఆల్బమ్‌లతో ఇల్లు నడుపుకుంటూ మిగిలిన తీరికలో ఈ పని చేసుకునేవాళ్లూ ఉన్నారు. పనిముట్లు వేరైనా మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టిన మాట ఒకటే: ఫోటోలో మనిషి ఒంటి ఛాయను మార్చే హక్కు ఫోటోగ్రాఫరుకు లేదు. కాంట్రాస్టు, క్రాపు, టోను, పేపరు మా ఇష్టం. చర్మం ఆ మనిషిది. మిగిలిన నియమాలన్నీ ఈ ఒక్క మాట నుంచే పుట్టాయి.

ఛాయ ఎక్కడ మారుతుందో ముందు చెప్పాలి. కంప్యూటర్‌లో రంగు ఫోటోను నలుపు తెలుపులోకి మార్చగానే పక్కన ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం అంటూ స్లైడర్ల వరస వస్తుంది. ఏ రంగు ఎంత తెల్లగా పడాలో, ఎంత నల్లగా పడాలో అక్కడే తేలుతుంది. మనిషి చర్మం, ఎవరిదైనా సరే, ఎక్కువగా నారింజ కిందికే వస్తుంది. ఆ స్లైడర్‌ను కుడివైపు జరిపితే చామనఛాయ మనిషి క్షణంలో తెల్లబడతాడు. మొటిమలు, కమిలిన గుర్తులు ఎర్రటివి కాబట్టి ఎరుపును కూడా జరిపితే అవీ పోతాయి. ముఖం నున్నగా వచ్చిందని అందరూ మెచ్చుకుంటారు. ఇది ఒకరిద్దరి అలవాటు కాదు, మా వృత్తి మొత్తానికీ పట్టిన అలవాటు.

ఇప్పుడు అరవై దాటిన ఒక పెద్దావిడ ఫోటో మీద అదే పని చేసి చూడండి. ముఖానికి పసుపు రాసుకున్నారు. నుదుట రూపాయి కాసంత కుంకుమ. చుబుకం మీద చిన్నతనంలో పొడిపించుకున్న పచ్చబొట్టు. ఎరుపు, నారింజ రెండూ పైకి జరిపితే చర్మంతోపాటు కుంకుమ కూడా తెల్లబడి నుదుటిలో కలిసిపోతుంది. పచ్చబొట్టు మాత్రం ముందుకంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫిల్ము రోజుల్లో లెన్సుకు ఎర్ర ఫిల్టరు తగిలిస్తే జరిగేదీ ఇదే. ఆకుపచ్చ ఫిల్టరు పెడితే అంతా తలకిందులు: కుంకుమ నల్లటి చుక్కవుతుంది, చర్మం ముదురుతుంది, ఆ ముదురులో పచ్చబొట్టు మునిగిపోతుంది. ఇంకా వెనక్కి వెళ్తే, తొలినాటి గాజు పలకలకు నీలం తప్ప మిగతా రంగులు సరిగా ఆనేవి కావు. పసుపు రాసుకున్న ముఖం వాటి మీద నల్లగా పడేది. ఒకే ముఖం, ఒకే వెలుగు. మధ్యలో మనం తీసుకునే నిర్ణయాన్ని బట్టి ఆవిడ ముత్తైదువో కాదో కూడా మారిపోతోంది. ఆవిడ భర్త పక్కగదిలో ఉండగా బొట్టులేని ప్రింటు చేతికిస్తే ఆ ఇంట్లో ఏమంటారో తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

అందుకని మా మొదటి నియమం: స్లైడర్ల జోలికి వెళ్లేముందు రంగు ఫోటోను పక్కన తెరిచి ఉంచాలి. కుంకుమకూ చర్మానికీ, పెదవికీ చెంపకూ, పచ్చబొట్టుకూ దాని చుట్టూ ఉన్న ఒంటికీ కళ్లకు కనబడిన తేడా నలుపు తెలుపులో కూడా కనబడాలి. ఆ తేడా నిలుపుకోవడానికి ఏ రంగునైనా జరపండి. చర్మాన్ని తెల్లబరచడానికి మాత్రం దేన్నీ జరపొద్దు.

ఎక్స్‌పోజర్ దగ్గర మనకు ఇంకో పాత చిక్కుంది. 1940 ప్రాంతంలో ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ పద్ధతిని రూపొందించారు. నలుపు నుంచి తెలుపు వరకు ఛాయలను మెట్లుగా విడగొట్టి, ముఖం ఏ మెట్టు మీద పడాలో తీసేముందే అనుకోమని చెప్పే గొప్ప పద్ధతి అది. మాలో చాలామంది దాని దగ్గరే చదువుకున్నారు. కానీ అందులో ముఖానికి ఆరో జోన్ అని మనం బట్టీ పట్టింది తెల్లవాళ్ల చర్మం సంగతి. ఒక్కో జోన్ ఒక్కో స్టాప్. ఐదులోనో నాలుగులోనో ఉండాల్సిన మనిషిని ఆరుకు ఎక్కిస్తే రెట్టింపో నాలుగింతలో వెలుగు ఒంటి మీద పోసినట్టే. మీటరు చెప్పిందే వేదమనుకున్నా ఇబ్బందే: తెల్లగోడ ముందు నిలబడ్డ నల్లటి మనిషిని అది ఇంకా నల్లగా చేస్తుంది, చీకటి గుమ్మంలో నిలబడితే పాలిపోయేలా చేస్తుంది. మేం చెంప దగ్గర వెలుగు కొలుస్తాం. ఏ జోన్ అన్నది ఆ మనిషిని చూసి అనుకుంటాం.

బెంగళూరుకు చెందిన వెల్లింగ్ 1946లో తీసిన రమణ మహర్షి ముఖచిత్రం ఎన్నో తెలుగు ఇళ్లలో ఉంది. మంచి ప్రింటు దొరికితే దగ్గరికెళ్లి చూడండి. తెల్లటి గడ్డం, పక్కనే గోధుమవన్నె చర్మం. గడ్డం కోసం ప్రింటు ముదురు చేస్తే ముఖం మసకబారుతుంది. ముఖం కోసం తేలిక చేస్తే గడ్డం పిండిముద్దగా మిగులుతుంది. రెండూ నిలబడిన ఆ ప్రింటును మేం పాఠంగా పెట్టుకున్నాం.

నల్లటి చర్మానికి కావలసింది తెల్లబరచడం కాదు, సరైన చోటి నుంచి వచ్చే వెలుగు. ముదురు చర్మంలో ముఖం తీరు తెలిసేది ఎక్కువగా దాని మీది నిగారింపు వల్ల. పక్కనుంచి పెద్ద, మెత్తటి వెలుగు పడితే, అంటే తెరిచిన తలుపో వరండా అంచో ఉంటే, చెంప ఎముకా కనుబొమ గట్టూ ముక్కు వాలూ వాటంతట అవే తేలుతాయి. ఫ్లాష్ ఎదురుగా కొట్టి, పౌడరు అద్ది, ఆ తర్వాత కంప్యూటర్ దగ్గర గంటలు కూర్చునేకన్నా కుర్చీని గుమ్మం పక్కకు జరపడం మేలు.

"కాస్త తెల్లగా చెయ్యండి బాబూ, పెళ్లివాళ్లకు పంపాలి." ఈ మాట వినని స్టూడియో మన ఊళ్లలో లేదు. అడిగేవాళ్లను మేం తప్పుపట్టం. పిల్ల ఛాయను బట్టి కట్నం లెక్క మారే సంబంధాల మధ్య ఆ తల్లిదండ్రుల భయం నిజమైనదే. అయినా మేం చెయ్యం. మంచి వెలుగులో మళ్లీ కూర్చోబెట్టి తీస్తాం, అదనంగా డబ్బు తీసుకోం. అప్పటికీ తెల్లగానే కావాలంటే అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాం. ఆ అమ్మాయిని మరో అమ్మాయిలా చూపించిన ఫోటో పట్టుకుని పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఆమె ముఖంలోకి చూసే మొదటి చూపు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ చూపుకు కారణం మేం కాబోం.

ఇక టోనింగ్. సెపియా అంటే పాతకాలపు రంగు అని జనం అనుకుంటున్నారంటే ఆ పాపం మా వృత్తిదే. అసలది ప్రింటు ఎక్కువ కాలం నిలవడానికి పనికొచ్చే పద్ధతి. నలుపు తెలుపు ప్రింటులో బొమ్మంతా సన్నటి వెండి రేణువులే. తేమకూ, గాలిలోని మురికికీ, సరిగా కడగక మిగిలిన ఫిక్సరు హైపోకూ వెండి చెడుతుంది. అదే వెండి సల్ఫైడుగా మారితే గట్టిపడుతుంది. పొటాషియం ఫెర్రిసయనైడ్, పొటాషియం బ్రోమైడ్ కలిపిన ట్రేలో ప్రింటును వేస్తే ముందు తెలుపు వైపు ఛాయలు కరుగుతాయి, తర్వాత మధ్యవి, చివరికి నలుపు. లేత పసుపు నీడ తప్ప ఏమీ మిగలదు. బాగా కడిగి సోడియం సల్ఫైడ్‌లో వేస్తే మనిషి గోధుమరంగులో తిరిగొస్తాడు, కుళ్లిన గుడ్ల కంపుతో సహా. ఆ కంపు పడనివాళ్లు థయోయూరియా వాడతారు. బ్లీచ్ ట్రేలోంచి ప్రింటును ఎప్పుడు పైకి తీయాలన్నదే ఇందులో విద్యంతా. సగంలో తీస్తే తెల్ల పంచె, నెరిసిన మీసం, చెంప మీది వెలుగు మాత్రం వెచ్చబడతాయి. కనుపాప, జుట్టు నల్లగానే ఉంటాయి. సెలీనియం దీనికి వ్యతిరేకం. అది ముందు నలుపుల్ని అందుకుని ఇంకా లోతు చేస్తుంది. నల్లటి ముఖాన్నీ నూనె రాసిన నల్లటి జుట్టునూ ఒకే చీకటి మింగేయకుండా కాపాడగల మందు అదే. విషం కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టకండి, కిటికీ మూసి పనిచేయకండి.

ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ కాలంలో గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ పేపరు మీద వేసిన ప్రింట్ల ఊదా, గోధుమవన్నెలు ఆ పేపరు స్వభావం నుంచి, బంగారు క్లోరైడుతో చేసిన టోనింగ్ నుంచి వచ్చినవి. వాటి తెలుపుల్లో ఇప్పుడు కనబడే పసుపు మాత్రం గుడ్డు తెల్లసొనకు వయసుతో వచ్చిన జబ్బు. ఆ జబ్బును ఫిల్టరు పేరుతో నిన్న తీసిన ఫోటోకు అంటించడం మాకు సమ్మతం కాదు. మరీ ముఖ్యంగా అరకులోనో ఉట్నూరులోనో తీసిన ఆదివాసీ ముఖాలకు చిక్కటి సెపియా పూయడం మేం ఒప్పుకోం. వాళ్ల జేబుల్లో ఫోన్లున్నాయి, వాళ్ల పిల్లలు కాలేజీల్లో ఉన్నారు. ఆ గోధుమరంగు వాళ్లను మన కాలం నుంచి తోసేస్తుంది. టోను ఎంచుకుంటే ఆ ముఖం అడిగిందని ఎంచుకోవాలి, ఎంత వేశామో పక్కన మామూలు ప్రింటు పెడితేగానీ తెలియనంత ఉండాలి.

క్లారిటీ స్లైడర్‌దీ ఇదే సంగతి. ముసలివాళ్లు కనబడితే చాలు దాన్ని చివరిదాకా లాగి ప్రతి ముడతనూ గాడిలా చెక్కడం ఇప్పుడు పోటీల్లో బహుమతులు తెచ్చే పద్ధతి. తెల్లబరచడం ఎంత అబద్ధమో ఇదీ అంతే. ముడతలు పెంచం, తుడిచెయ్యం. పుట్టుమచ్చ, మశూచి గుంటలు, బొల్లి, కాలిన మచ్చ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఆ వారం లేచిన మొటిమ తీసేయొచ్చా అన్న దగ్గర మాలో మాకే కుదరలేదు. కూర్చున్న మనిషి అడిగితే తీయొచ్చని ఎక్కువమంది అన్నారు, ప్రస్తుతానికి అదే పాటిస్తున్నాం.

పోయినవాళ్ల ఫోటోల గురించి గట్టిగా చెప్పాలి. దండ వేయడానికి ఫోటో కావాలని పెళ్లి గ్రూపు ఫోటోలోంచి గోరంత ముఖం కత్తిరించి పెద్దది చేయమని తెస్తారు. ఇప్పుడు యంత్రాలు ఒక్క నొక్కుతో దానికి కనురెప్పలు, పలువరస, కంట్లో మెరుపు అన్నీ కల్పించి ఇస్తున్నాయి. చక్కగా ఉంటాయి, కానీ అవి ఆ మనిషివి కావు. రేపు మనవళ్లు తాతమ్మ పోలిక ఎవరికొచ్చిందో ఆ పటంలోనే వెతుకుతారు. గీతలు, మరకలు తీస్తాం, కాంట్రాస్టు సరిచేస్తాం, కనబడనిదాన్ని కల్పించం. మసకగా ఉంటే మసకగానే చిన్న సైజులో ప్రింటు వేసి ఇస్తాం. రంగులద్దమంటే అద్దుతాం, కానీ అసలు ప్రింటుతో కలిపే ఇస్తాం. 1957 నాటి మాయాబజార్ సినిమాను 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు అది రంగులేసినదని అందరికీ తెలుసు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం చేసిన నలుపు తెలుపు సినిమా ఇప్పటికీ చూడొచ్చు. ఇంట్లో గోడ మీది పటానికి ఆ రక్షణ లేదు. పట్టుచీర రంగు మేం ఊహించినదని రాసిపెట్టకపోతే ముప్పై ఏళ్లకు అదే నిజమైపోతుంది.

ప్రింటు గురించి రెండు మాటలు. కలర్ ల్యాబులో నలుపు తెలుపు ఫోటో వేయిస్తే కలర్ పేపరు మీద పచ్చదనమో గులాబీ ఛాయో తొంగిచూస్తుంది. చిన్న టెస్టు ప్రింటు వేయించి, ఆ ఇంటి ట్యూబ్‌లైటు కిందా పగటి వెలుగులోనూ చూశాకే పెద్దది ఒప్పుకోండి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు పేపరు మీద నేర్చుకున్న పెద్దలు మాలో ఉన్నారు. ప్రింటు ఆరాక ఛాయ కాస్త ముదురుతుందని, తడిమీద చూసి తీర్పు చెప్పొద్దని వాళ్లు నేర్పిన పాఠం ఇంకా పాటిస్తున్నాం.

ప్రతి ప్రింటు వెనక మెత్తటి పెన్సిలుతో నాలుగు సంగతులు రాస్తాం: కూర్చున్న మనిషి తనను ఎలా పిలవమన్నారో ఆ పేరు, తీసిన చోటు, తేదీ, ఏమేం దిద్దామో. ప్రదర్శనకు పెట్టేముందు మొదటి ప్రింటు వాళ్ల చేతికి వెళ్తుంది. "ఇది నేను కాదు" అంటే ఆ ఫోటో గోడ ఎక్కదు.

మాతో కలవాలనుకునేవాళ్లు రుసుము కట్టక్కర్లేదు. ఒక ముఖచిత్రం ప్రింటు, దాని అసలు ఫైలో నెగటివో తెండి. ఒప్పుకుంటే ఆ ఫోటోలోని మనిషిని కూడా వెంటబెట్టుకు రండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం.